సగం ఫీజు

ఏలూరులో తివాచీలు నేసే అమీర్‌కు తన తెలివి మీద అపారమైన నమ్మకం. ఊళ్ళో ఆ నమ్మకం ఉన్నది అతనొక్కడికే.

కొడుకు ముబారక్‌కు హైస్కూల్లో సగం ఫీజు రాయితీ ఇప్పించమని హెడ్మాస్టరు రామనాథం గారికి అర్జీ పెట్టుకున్నాడు. అది వస్తేనే చదువు. రాకపోతే పిల్లవాడు మగ్గం ఎక్కాల్సిందే. ఇంకా సంతకం పడలేదు. ఇంతలో కొత్త గది పైకప్పు కోసమని తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. ఒక్కొక్కరి పేరూ పిలవడం, వాళ్ళు లేచి ఇచ్చేదేమిటో చెప్పడం, అందరూ చప్పట్లు కొట్టడం. వట్లూరు వీరాస్వామి గారు పెంకులన్నీ తనవే అన్నారు. హాలు దద్దరిల్లింది.

అమీర్ పేరు వచ్చింది. "శక్తి లేదండీ" అంటే సరిపోయేది. కానీ ఉత్త చేతులు చూపిస్తే హెడ్మాస్టరు గారి మనసు కరుగుతుందా? పైగా ఆ చప్పట్లు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి.

"హెడ్మాస్టరు గారి గదికి తివాచీ నేసి ఇస్తానండీ!" అనేశాడు.

చప్పట్లు బ్రహ్మాండంగా పడ్డాయి.

"అది అమ్ముకుంటే మూడేళ్ళ పూర్తి ఫీజు వచ్చేది కదండీ," అంది ఇంటికి రాగానే భార్య కుల్సుమ్.

"నీకు తెలీదు, ఊరుకో. పెద్దవాళ్ళతో వ్యవహారం ఇలాగే నడపాలి."

ఆ వ్యవహారవేత్త వచ్చిన బేరాలు వదులుకుని, ఉన్ని అరువు తెచ్చి, నెలన్నర నేశాడు. అంత మంచి తివాచీ అతని చేతుల్లోంచి ఎప్పుడూ రాలేదు.

తివాచీ పరిచిన వారానికి హెడ్మాస్టరు గారి దగ్గర్నుంచి కబురొచ్చింది. అమీర్ ఉతికిన చొక్కా తొడుక్కుని వెళ్ళాడు. బయట వాన. బురద కాళ్ళతో ఆ తివాచీని తొక్కడానికి మనసొప్పక గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"అమీర్ గారూ, రాయితీ బీదవాళ్ళకండీ," అన్నారు రామనాథం గారు నొచ్చుకుంటూ. "ఇంత తివాచీ ఉత్తినే ఇచ్చిన మిమ్మల్ని బీదవారని ఎలా రాయమంటారు? స్కూలు కమిటీ వారు నవ్వరండీ?"

బీదవాణ్ణేనండీ బాబూ అని అరవాలనిపించింది. కానీ లోపల కూర్చున్న ఇద్దరు మేష్టర్లు అతని వైపు ఎంతో గౌరవంగా చూస్తున్నారు. పాడు గౌరవం!

"నిజమేనండీ. పూర్తి ఫీజే కడతానండీ," అన్నాడు.

దారి పొడుగునా తనను తాను తిట్టుకున్నాడు. తిట్లు చాలలేదు.

సంగతంతా విని కుల్సుమ్ పొయ్యి దగ్గరికి వెళ్ళింది. నాలుగు తిట్టినా బాగుండునని అమీర్ మగ్గం ముందు కూలబడ్డాడు. ఆమె పొయ్యి ఆర్పి వచ్చి, మగ్గం ముందు కూర్చునే చెక్క పలక మీద అతని పక్కన కూర్చుంది.

"ముడి ఎలా వేయాలో చూపించండి," అంది. "ముబారక్‌ను మాత్రం దీని మీద కూర్చోనివ్వను."