డెబ్భై నాలుగు డిగ్రీలు

ఇరవై ఏళ్లుగా బొగ్గుల మీద కోడి కాల్చి అమ్ముతున్న అత్తగారికి ఆ మధ్యాహ్నం తల కొట్టేసినట్టయింది. రోజూ వచ్చే లారీ డ్రైవరు తొడ ముక్క విరిచి, ఎముక దగ్గర ఎర్రగా మిగిలిన కండ చూపించి, "పిన్నిగారూ, ఇది లోపల ఉడకలేదండీ" అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది. జాలిగా అన్నాడు.

ముక్క కాలిందో లేదో ఆవిడ వేలితో నొక్కి చెప్పేది. ఇన్నేళ్ల సెగకు ఈమధ్య చూపుడువేలి కొస మొద్దుబారింది. ఆ సంగతి మాత్రం ఇంట్లో ఎవరి చెవినా వేయలేదు.

సాయంత్రం విషయం విని, పాల డెయిరీలో పరీక్షలు చేసే కోడలు చెప్పులు వేసుకుంది.

"పదండి అత్తయ్యా, థర్మామీటర్ కొనుక్కొద్దాం."

"కోడికి జ్వరం చూస్తావా ఏంటి?"

"ముక్క మధ్యలో డెబ్భై నాలుగు డిగ్రీలు దాటిందంటే ఇక భయం లేదు. అది చూద్దాం."

వంటసామాన్ల కొట్టతను అన్నిటికన్నా ఖరీదైనది ముందు పెట్టాడు. "ఇది ఫోనుకి కబురు పంపిస్తుందమ్మా!"

"నేను పొయ్యి పక్కనే ఉంటా కదయ్యా, నాకు కబురెందుకు?" అంది అత్తగారు.

కోడలు చవకవి మూడు ఏరింది. పక్క జ్యూసు కొట్టు నుంచి గ్లాసు నిండా ఐసు ముక్కలు తెచ్చి నీళ్లు పోసింది. "ఇందులో పెడితే సున్నా చూపించాలి." మొదటిది నాలుగు దగ్గర మొండికేసింది. రెండోది సున్నాకి దిగింది గానీ, ఈలోగా కొట్టతను ఇద్దరికి సామాను కట్టిచ్చాడు. మూడోది, బొమ్మలా ఉన్న పసుపు రంగుది, గుచ్చే ముల్లు సన్నగా ఉన్నది, అయిదు అంకెలు లెక్కపెట్టేలోపే సున్నా చూపించింది.

"మీ అమ్మాయి గట్టిదేనండీ" అన్నాడు కొట్టతను.

"కోడలు" అని సరిదిద్దింది అత్తగారు, నిటారుగా నిలబడి. "డెయిరీలో ఈ పిల్ల సంతకం పడందే ఒక్క క్యాను గేటు దాటదు."

మర్నాడు కోడలికి సెలవు. అత్తగారు ముక్కను వేలితో నొక్కి, "అయింది" అంది. కోడలు ముల్లు గుచ్చింది. యాభై ఎనిమిది. ఆవిడ ముక్కను మళ్లీ నిప్పుల మీద పెట్టింది. చూపుడువేలు చూపించి తనే చెప్పింది.

"ఈ వేలికి స్పర్శ పోయిందే. చెప్పడానికి మనసొప్పలేదు."

"వేలు పోతే పోయింది. మసాలా కలిపే చెయ్యి మీదేగా? అది ఏ కొట్లోనూ దొరకదు" అంది కోడలు, ఆవిడ చేతిలో థర్మామీటర్ పెడుతూ.

లారీ డ్రైవరు వచ్చేసరికి ఆవిడ ముల్లు గుచ్చిన ముక్కను అతని ముందుకు జరిపి, "నువ్వే చదువు బాబూ" అంది. "డెబ్భై ఎనిమిది" అని చదివి, ఎముక దాకా తిని, ఇంటికి మరో రెండు కట్టమన్నాడు.

అతని వెనకున్నాయన తొందరపడ్డాడు. "పైన బాగానే ఎర్రబడిందిగా, ఇచ్చేయండమ్మా!"

"అరవై తొమ్మిది. ఇవ్వను."

ఆయన గొణుక్కుంటూనే పక్కకి జరిగి నిలబడ్డాడు. వరసలోంచి ఒక్కరూ కదల్లేదు. అత్తగారు కొంగు బిగించి, తాపీగా బొగ్గులు ఎగదోసింది.