అతుకు మీద ఎడమ పాదం

మొదటి పరుగు ముగించి నాడిన్ కారును తమ ట్రక్కు పక్కన ఆపింది. ఆమె భర్త రాయిస్ చేతికర్ర పక్కన పెట్టి, కారు కిందికి వంగి వాసన చూశాడు.

"క్లచ్ కాలింది," అన్నాడు.

"గెలిచానుగా!"

"అవతలివాడికి రెండో గేరు పడలేదు, అందుకని గెలిచావు. పెడల్ మెల్లగా వదిలావు కదూ?"

"లేదు."

"నాడిన్, నేను గోడ దగ్గరే ఉన్నా. పాదం సగమే ఉందిగానీ చెవులు రెండూ ఉన్నాయి. ఒక్కసారిగా వదిలితే ఇంజన్ గొంతు ఠక్కున పడి మళ్ళీ లేస్తుంది. నీది మూలుగుతూ పోయింది."

ఆమె హెల్మెట్ పట్టీ విప్పుకుంది.

ఓక్లహామాలో సైన్యం వదిలేసిన విమానాల రన్‌వే అది. పావు మైలు దూరం, పక్కపక్కన రెండు కార్లు, ముందు చేరినవాళ్ళది గెలుపు. మూడేళ్ళ కిందట ఇదే గీత దగ్గర, ఇదే కారులో, రాయిస్ క్లచ్ వదిలినప్పుడు, దాన్ని ఆనుకుని తిరిగే ఇనుప చక్రం, ఫ్లైవీల్, పగిలింది. ఒక ముక్క నేలరేకును చీల్చుకుని పైకి వచ్చింది. అతని ఎడమ పాదం ముందు సగం పోయింది. మిగిలిన పాదంతో ఆ క్లచ్ స్ప్రింగును తొక్కలేడు. కారు అమ్మేస్తానన్నాడు. నేను నడుపుతానని నాడిన్ అంది.

చిల్లు పడినచోట రేకు వేసి వెల్డింగ్ చేశారు. నాడిన్ మడమ ఆనేది ఆ అతుకు మీదే. ఇప్పుడు క్లచ్ చుట్టూ ఉక్కు డొప్ప కూడా ఉంది. బిగించేటప్పుడు ఆమె దగ్గరుండి చూసింది, సుత్తితో కొట్టి చూసింది. అయినా ఆమె కాలికి నమ్మకం కుదరలేదు.

"మెల్లగా వదిలితే ఏమవుతుందో తెలుసా?" అన్నాడు రాయిస్. "రాపిడికి ఇనుము కాలుతుంది. కాలి కాలి బీటలు వారుతుంది. పగిలేది అప్పుడే. ఒక్కసారిగా వదిలితే టైర్లు జారతాయని నేను ఆ వేసవంతా మెల్లగానే వదిలా."

"ఇప్పుడది బీటలు వారిందేమో."

"ఒక్క పరుక్కేనా? చల్లారింది కూడా. ఏం కాదనుకుంటా."

"అనుకుంటావా?"

"విప్పి చూడకుండా ఎవడు చెప్పగలడు? వద్దంటే చెప్పు, ట్రక్కుకి కట్టుకుని ఇంటికి పోదాం."

"ఇవాళ పోతే మళ్ళీ ఎక్కను, రాయిస్. నా సంగతి నాకు తెలుసు."

తర్వాతి పరుగులో ఆమెకు పోటీ వెర్లిన్. రాయిస్‌తో చిన్నప్పటి నుంచి తిరిగినవాడు. సాండ్‌విచ్ నములుతూ వచ్చాడు.

"ఏం వదినా, నా లైనులో వేరుశనగ పొట్టు చల్లలేదు కదా?"

కార్లు నిలిపేచోట వేరుశనగలు తింటే కీడని అక్కడందరి నమ్మకం.

"చల్లేదాన్నే. కనిపించిందల్లా నువ్వే మింగేస్తావని ఊరుకున్నా," అంది నాడిన్.

వెర్లిన్ నవ్వాడు. తన కారు దగ్గరికి వెళ్ళిపోయాడు. నాడిన్ కారెక్కింది.

రాయిస్ కిటికీలోంచి వంగాడు. "పాదం పైకి ఎత్తకు. ఎత్తితే నీకు తెలీకుండానే మెల్లగా వస్తుంది. పెడల్ మీంచి పక్కకి జార్చెయ్, అంతే. మిగతాది స్ప్రింగ్ చూసుకుంటుంది."

పట్టు కోసం నీళ్ళ మడుగులో టైర్లు గిర్రున తిప్పి వేడి చేసి, నాడిన్ గీత దగ్గరికి వచ్చింది. క్లచ్ పూర్తిగా తొక్కి మొదటి గేరు వేసింది. ఇంజన్ వేగం పెంచి మీటరు ముల్లును ఐదున్నర వేల దగ్గర పట్టి ఉంచింది. నేలరేకు అదిరింది. అతుకు అదురుతోందా, కాలు అదురుతోందా తేల్చుకోలేకపోయింది. కిందికి చూసింది. కాలే. మోకాలు పైకీ కిందికీ కొట్టుకుంటోంది. కాళ్ళు ముడుచుకుని సీటు మీదికి ఎక్కెయ్యాలనిపించింది. కాలిన వాసన మళ్ళీ వచ్చింది. అది తన కారుదో వెర్లిన్ కారుదో తెలియలేదు.

స్తంభం మీద పసుపు లైట్లు పైనుంచి కిందికి ఒక్కొక్కటే వెలుగుతూ వచ్చాయి. ఆఖరిది వెలిగేదాకా ఆమె ఆగలేకపోయింది. పాదం పక్కకి జార్చేసింది.

పెడల్ ఎగిరి వచ్చి బూటు అంచుకు తగిలింది. తల వెనక్కి కొట్టుకుంది. ఇంజన్ గొంతు ఠక్కున పడి, లేచింది. కింద ఏదీ పగల్లేదు. రెండో గేరు వేసేటప్పుడు పగులుతుందనుకుంది, మూడో గేరుకూ అనుకుంది, నాలుగో గేరుకూ అనుకుంది.

దారి చివర కారు ఆపి, దిగి, తారు మీద కూర్చుని బూటు విప్పింది. వెర్లిన్ హెల్మెట్ చంకలో పెట్టుకుని వచ్చాడు.

"ఎర్ర లైటు, వదినా! పచ్చ రాకముందే దూకేశావు. నేను దారిలో కునుకు తీసినా నాదే గెలుపు."

ఆమె తన కాలివేళ్ళు కదిపి చూసుకుంటోంది.

రాయిస్ ఎవరి ట్రక్కులోనో వచ్చి దిగాడు. లైటు మాట ఎత్తలేదు.

"ఎలా వదిలావు?"

"పక్కకి."

"విన్నాను." కర్ర పక్కన పడేసి, కారును పట్టుకుని మెల్లగా ఆమె ఎదురుగా కూర్చున్నాడు. "బూటు వేసుకో, తారు కాలుతోంది."

వేసుకుంది. కాలు ఇంకా వణుకుతూనే ఉంది. బూటు లేసు కట్టుకోవడం ఆమెకు చేతకాలేదు. రాయిస్ కట్టాడు.