రెండో చరణానికి ముందు

నేను ఒక హెడ్‌ఫోన్‌ని. ఇప్పటి పిల్లలు చెవుల్లో శనగగింజల్లా దూర్చుకునే బాపతు కాదు. నల్లటి పెద్ద డిప్పలు రెండు, వాటిని కలుపుతూ నెత్తిమీద ఒక బద్ద, కింద పంది తోకలా మెలికలు తిరిగిన వైరు, దాని కొసన లావుపాటి పిన్ను. నన్ను పెట్టుకున్న మనిషి దూరం నుంచి విమానం నడిపేవాడిలా కనిపిస్తాడు. దగ్గరికొస్తే, ఎవరు పిలిచినా పలకనివాడని తేలిపోతుంది.

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. సముద్రాల అవతల ఒక ఫ్యాక్టరీలో వరసగా కూర్చున్న ఆడపిల్లల్లో ఒకరు డిప్ప బిగించారు, ఒకరు లోపల పల్చటి పొర అతికించారు. చివరన కూర్చున్నావిడ నన్ను చెవులకు పెట్టుకుని, టింగుమన్న మోతను మొదటినుంచి చివరిదాకా విని, తలూపి పెట్టెలో పడేసింది. దేన్నయినా నాలోంచి ఆసాంతం విన్న మనిషి ఆవిడే. ఆ తర్వాత చాలా ఏళ్ళు అలాంటివాళ్ళు నాకు తగల్లేదు. కారణం ఒక్కటే. నేను కీబోర్డు వాయించేవాళ్ళ పాలబడ్డాను.

నన్ను కొన్నది ఆశీర్వాదం. నరసాపురంలో పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాకు కీబోర్డు వాయించేవాడు. నిజానికి నన్ను కొనమని పోరుపెట్టింది ఆయన భార్య రూతమ్మ. పాటకు ముందూ, చరణాల మధ్యా పాడేవాళ్ళు ఊపిరి పీల్చుకునేచోట వచ్చే సంగీతాన్ని ఈ కీబోర్డు వాళ్ళు 'బిట్టు' అంటారు. వాళ్ళకు పాటంటే అదే. మిగతాదంతా ఆ బిట్టుకూ ఈ బిట్టుకూ మధ్య అడ్డు. టేపులో వయొలిన్లు మోగేవి. ఆశీర్వాదం కళ్ళు మూసుకునేవాడు. వేణువు వచ్చేది. వేళ్ళు తొడమీద కదిలేవి. గాయకుడు నోరు తెరిచేలోపు టక్కుమని టేపు ఆగిపోయేది. వెనక్కి తిరిగేది. మళ్ళీ వయొలిన్లు.

"కాపురానికొచ్చిన కాణ్నించీ చూస్తన్నానండీ, మా ఇంట్లో పాటకి నోరుండదు" అని రూతమ్మ పక్కింటావిడతో వాపోయేది. నేను వచ్చాక ఆవిడకు ఆ గోల తప్పింది. గోలంతా నా నెత్తికెక్కింది.

పెళ్ళివారిచ్చిన విడిదిగదుల్లో ఇతర ఊళ్ళ కీబోర్డు వాళ్ళు కూడా నన్ను అరువడిగేవారు. ఒకాయన విదేశీ సంగీతం తప్ప వేరేది చెవిన వేసుకోనని ప్రతిజ్ఞ చేసినట్టు చెప్పేవాడు. అది మొదలైన కాసేపటికి నా డిప్పల మధ్య ఆయన గురక మొదలయ్యేది. ఇంకొకాయన పాటలో అడుగున గుబగుబలాడే గిటారును తప్ప మరొకదాన్ని లెక్కచేసేవాడు కాదు. గాయని ప్రాణంపెట్టి పాడుతుంటే, "ఈవిడ కాస్త పక్కకు తప్పుకుంటే బాగుణ్ణు" అని విసుక్కునేవాడు. మరొకాయన తను వాయించింది తనే రికార్డు చేసుకుని వినేవాడు. విన్నంతసేపూ మిగతా ప్రపంచం మీద జాలిపడుతున్నట్టు తలూపేవాడు. మనుషుల అభిరుచుల గురించి వాళ్ళ మాటలు నమ్మకండి. అసలు సంగతి మా డిప్పల్లో ఉంటుంది.

కొన్నేళ్ళకు ఆశీర్వాదం నన్ను అనుమానించడం మొదలుపెట్టాడు. "దీంట్లో ఏదో పోయింది. వేణువు పైకి వెళ్ళేసరికి మాయమైపోతంది" అని రెండు షాపులకు తిప్పాడు. వాళ్ళు నన్ను విప్పి, చూసి, మూసి, ఏమీ పోలేదన్నారు. ఆయన నమ్మలేదు. చివరికి అక్క కూతురు దీవెనను పిలిచి నన్ను ఆమె చెవులకు పెట్టాడు.

"వేణువు వినబడతందా అమ్మాయ్?"

"శుభ్రంగా వినబడతంది మావయ్యా."

"పైకి వెళ్ళాక కూడానా?"

"వెళ్ళాకే ఇంకా బావుంది."

పోయింది నాలో కాదని ఆశీర్వాదానికి అప్పుడు తెలిసింది. తీసుకెళ్ళమని చేత్తో సైగచేసి, పక్కకు తిరిగాడు. అలా నేను దీవెన మెడలోకి వచ్చాను.

దీవెన ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పేది. ఆదివారం వాళ్ళ చర్చి సంఘంలో కీబోర్డు వాయించేది. ఎరుపెక్కువైన చీర కట్టుకోవడానికి కూడా మొహమాటపడే మనిషి, కీబోర్డు ముందు కూర్చుంటే మాత్రం ఎవరికీ లొంగేది కాదు. కీర్తన ఎత్తుకునే ముందు ఆమె వాయించే చిన్న బిట్టు కోసమే ఆలస్యంగా వచ్చేవాళ్ళు సైతం వేళకు రావడం నేర్చుకున్నారు. ఆ బిట్లు కట్టడం ఆమె ఎక్కడ నేర్చుకుందో నాకు తెలుసు. బస్సులో, వంటింట్లో, పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతూ, నన్ను తగిలించుకుని ఫోనులో సినిమా పాటలు వినేది. పాటలంటే, మీకు అర్థమైందిగా, గొంతు రాకముందే ఆగిపోయేవి. మేనమామ పోలిక.

ఆ సంఘానికి సెక్రటరీ కరుణాకరం గారు. రిటైరైన గుమాస్తా. భార్య పోయాక ఆయన కోపానికి అదుపు లేకుండా పోయిందని అనుకునేవారు. ఆ ఏడు సంఘ సమావేశంలో ఆయన లేచి, "దేవుని మందిరంలో వాయిద్యం ముట్టుకునే చెయ్యి, లోకపు పాటల్ని ముట్టుకోకూడదు. ఇంట్లోనైనా సరే, సినిమా పాటలు వినేవాళ్ళకి ఆ కుర్చీలో చోటులేదు" అని తీర్మానం పెట్టారు. అందరూ చేతులెత్తారు. దీవెన చెయ్యి సగం దాకా లేచి ఆగిపోయింది. ఆమె సంచిలో ఉన్న నేను ఊపిరి బిగబట్టాను.

ఆ తర్వాత ఒక ఆదివారం ఉదయం ఆమె అందరికంటే ముందు చర్చికి వచ్చింది. ఒక పాటలో వయొలిన్లు ఆగి వేణువు అందుకునే మలుపు ఆమెను వారం నుంచీ పట్టుకు పీడిస్తోంది. ఫోను నుంచి ఒక వైరును కీబోర్డు వెనక గుచ్చి, నా పిన్ను ముందు గుచ్చింది. అలా చేస్తే పాటా, తను వాయించేదీ రెండూ నాలోనే కలుస్తాయి. బయటికి చీమ చిటుక్కుమన్న చప్పుడు రాదు. ఆమె కళ్ళు మూసుకుంది. చాపల మీద పెద్దవాళ్ళు వచ్చి కూర్చుంటున్న సంగతి గమనించలేదు. కీబోర్డు స్పీకరు ముందున్న మైకును ఎవరో ఆన్ చేశారని కూడా గమనించలేదు.

కరుణాకరం గారు ప్రసంగ వేదిక మీద గుడ్డ సరిచేయడానికి విసవిసా వచ్చారు. ఆయన కాలు నా వైరులో పడింది. పిన్ను ఊడిపోయింది.

అప్పటిదాకా నాలో దాక్కున్న వయొలిన్లు చర్చినిండా ఎగిశాయి. మైకు వాటిని బయటున్న లౌడుస్పీకరుకు అందించింది. వీధి చివర టీ తాగుతున్నవాళ్ళు ఇటు తిరిగారు. వయొలిన్లు ఆగాయి, వేణువు అందుకుంది. దీవెన ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. అంత కంగారులోనూ ఆమె వేలు తన అలవాటును మర్చిపోలేదు. గొంతు రాకముందే ఆపేసింది.

చాప మీద ఒక ముసలామె చేతులెత్తి, "ఆమెన్" అంది.

"ఆమెన్ ఏంటండీ!" కరుణాకరం గారు గర్జించారు. "ఇది సినిమా పాట! ఆ హీరోయిను వానలో తడుస్తా పాడే పాట!"

పాస్టరు జయశీలం గారు నెమ్మదస్తులు. ఆరాధన అయ్యాక మాట్లాడుకుందామన్నారు. ఆ రోజు దీవెన కీర్తనలన్నీ తప్పులేకుండా వాయించింది. కానీ ముందు బిట్టు ఒక్కదానికీ వాయించలేదు. సంఘం పాట ఎత్తుకోవడానికి తడబడింది. మూడు బెంచీలు ముందు పాడితే మూడు బెంచీలు వెనక పాడాయి.

ఆఫీసు గదిలో నన్ను బల్లమీద సాక్ష్యంగా పెట్టారు. ఒకవైపు పాస్టరు గారు, ఆయన భార్య ఎస్తేరమ్మ గారు, మరోవైపు కరుణాకరం గారు. కబురు తెలిసి వచ్చిన ఆశీర్వాదం తలుపు దగ్గర చెవి రిక్కించి నిలబడ్డాడు. దీవెన కళ్ళు బల్ల అంచును దాటడం లేదు. ఆ కుర్చీ పోతే ఆమెకు వారమంతా ఎదురుచూసేందుకు ఏముంటుందో నాకు తెలుసు. ఏమీ ఉండదు.

"నాకు వయొలిన్లే వినబడ్డాయి. పాటెక్కడుందండీ?" అని ఎస్తేరమ్మ గారు అమాయకంగా అడిగారు.

"పాట కాకపోడవేంటమ్మా? రెండో చరణానికి ముందొచ్చే బిట్టది!" అన్నారు కరుణాకరం గారు.

"రెండో చరణమా?" పాస్టరు గారు ఆలోచనగా అన్నారు. "మొదటిది కాదూ?"

"కాదండీ అయ్యగారూ. మొదటి చరణం ముందు వేణువుండదు."

"ఎందుకుండదండీ? ఉంటది. చిన్నదే గాని..." పాస్టరు గారు వేళ్ళతో బల్లమీద తాళం వేయబోయి, చేతిని తెల్లటి చొక్కా జేబులోకి లాక్కున్నారు.

ఎస్తేరమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వుకు ఊగే భుజాలు మాత్రం దాగలేదు. "ఏవైంది? ఏవన్నారు?" అని ఆశీర్వాదం గట్టిగా అడిగాడు. "రెండో చరణమని ఒకరు, మొదటిదని ఒకరు!" అని ఆవిడ కేకేసి చెప్పేసరికి, ఆయన తీర్పు చెప్పే పెద్దమనిషిలా గొంతు సవరించుకుని, "రెండోదే" అన్నాడు.

దీవెన అప్పుడు తలెత్తింది. నవ్వలేదు.

"నేను సినిమా పాటలు విన్నమాట నిజవేనండి. చేతులెత్తినప్పుడే చెప్పాల్సింది, భయపడ్డాను. కానీ ఆ పాటలో మాటలేంటో ఒట్టు, నాకు తెలీదండి. నేనెప్పుడూ అక్కడిదాకా వెళ్ళలేదు. పాడేవాళ్ళకి దారెలా ఇవ్వాలో ఆ బిట్లలో ఉంటదండి. వయొలిన్లు అంత గొప్పగా వచ్చి, సరిగ్గా గొంతు రాబోయేసరికి ఒదిగిపోతాయి. మన కీర్తనకి కూడా అలా దారివ్వాలని నేర్చుకున్నాను. అది తప్పయితే కుర్చీలోంచి లెగిసిపోతానండి."

కరుణాకరం గారు నావైపు చూస్తూ ఉండిపోయారు. పాస్టరు గారు గొంతు సవరించుకుని, మందిరంలో ఏం వాయించాలన్నది సంఘం చూసుకుంటుందనీ, ఇంట్లో ఎవరేం వింటారన్నది దేవుడు చూసుకుంటాడనీ తేల్చారు. తీర్మానం ఎక్కడికి పోయిందో తర్వాత ఎవరూ అడగలేదు.

తర్వాతి శనివారం సాయంత్రం దీవెన చర్చిలో ఒంటరిగా సాధన చేసుకుంటుంటే కరుణాకరం గారు వచ్చారు. కిటికీలు సరిగ్గా వేశారో లేదో చూసినట్టు రెండుసార్లు అటూ ఇటూ తిరిగి, చివరికి బెంచీ మీద కూర్చున్నారు.

"ఆ పాట... నీ ఫోనులో ఉంటదా ఇంకా?"

ఆమె నన్ను ఆయన తలకు తగిలించింది. వయొలిన్లు వచ్చాయి. వేణువు వచ్చింది. ఆమెకు వినపడకపోయినా, వేలు అలవాటుగా లెక్క తప్పకుండా ఫోను మీదికి వెళ్ళింది.

"ఆపకమ్మా. రానీ" అన్నారాయన. "మా ఆవిడకి రెండో చరణవంటే ఇష్టం."

గొంతు వచ్చింది. ఆయన కూడా ఎత్తుకున్నారు. నన్ను పెట్టుకున్నవాళ్ళకు తమ గొంతు వినపడదు. అందుకని గట్టిగా, శ్రుతితో నిమిత్తం లేకుండా, కళ్ళు మూసుకుని పాడారు. దీవెనకు నాలోని గొంతు వినపడదు. ఆమెకు వినపడింది ఆయన గొంతే. ఇన్నేళ్ళూ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చిన పాటలోకి ఆమె మొదటిసారి అడుగుపెట్టింది, అదీ ఒక ముసలాయన అపశ్రుతి పట్టుకుని. మొదట ఆమెకు నవ్వొచ్చింది. తర్వాత రాలేదు.

ఈమధ్య నా ఎడమ డిప్ప పనిచేయడం మానేసింది. దీవెన కొత్త హెడ్‌ఫోను కొనుక్కుంది గానీ, నన్ను పారేయడానికి మనసొప్పక సంచిలో వేసుకుని తిరుగుతోంది. పోయిన ఆదివారం సంచిలోంచి పాటల పుస్తకం తీస్తూ నన్ను బెంచీ మీద మరిచిపోయింది. వెల్లకిలా పడుకుని ఉన్నాను. నా మీద ఏ చెవీ లేదు.

ఆమె కొత్తగా కట్టిన బిట్టు వాయించి, చేతులు కాస్త ఎత్తి ఆగింది. ఆ ఖాళీలోంచి సంఘమంతా పాట అందుకుంది. ఇన్నేళ్ళూ మనుషుల చెవులకు మూతలా బతికిన నాకు, పాట గోడలకు తగిలి తిరిగొస్తుందనీ, పసిపిల్లల ఏడుపూ పెద్దల దగ్గూ కూడా అందులో ఇముడుతాయనీ అప్పటిదాకా తెలీదు. ముందు వరసలో కరుణాకరం గారు ఎప్పట్లాగే వెనకబడ్డారు. దీవెన ఆయన్ని వదిలేసి వెళ్ళిపోలేదు. తాళం అరక్షణం సాగదీసి, ఆయన్ని కలుపుకుని ముందుకు సాగింది.