ఎవరి తరఫున

"ఎర్రనీళ్ళు కాస్త చిక్కగా కలుపమ్మా గీతా. కిందటిసారి ఫొటోలో ఉత్త నీళ్ళలా పడ్డాయి" అంది అత్తగారు రత్నాంబ, వసారాలోంచే.

గీతాంజలి చింతపండు పిప్పితో హారతి పళ్ళెం తోముతోంది. కిందటిసారి ఫొటో! కొంప ముంచింది ఆ ఫొటోయే కదా. ఎన్నికల ముందు అప్పటి అధికార పార్టీ అభ్యర్థి తాడేపల్లిగూడెంలో వీళ్ళ వీధికొస్తే, "కోడలుపిల్ల ఎదురెళితే నిండుగా ఉంటుంది" అన్నారు మామగారు నాగభూషణరావు. పొయ్యి మీద కుక్కర్ కూతకొస్తోంది, ఏలూరు రైలుకి వేళవుతోంది. సెషన్సు కోర్టులో అదనపు పబ్లిక్ ప్రాసిక్యూటరుగా, అదే పీపీగా, ప్రభుత్వం తరఫున నిలబడే మనిషి ఒక పార్టీకి హారతివ్వడమేమిటని ఆమెకీ అనిపించింది. కానీ ఆ ఇంట్లో పళ్ళెమూ గరిటెలాంటిదే. కోడలి చేతికిచ్చేముందు ఎవరూ అడగరు. హారతిచ్చింది. ఎవరో ఫొటో తీశారు.

ప్రభుత్వం మారింది. పాతవాళ్ళు పెట్టిన పీపీలంతా పార్టీ మనుషులేనని ఒకళ్ళు, కేసుల మధ్యలో తీసేస్తే సాక్షుల గతేమిటని ఒకళ్ళు టీవీల్లో అరుచుకున్నారు. మీరే రాజీనామా ఇస్తే మర్యాదగా ఉంటుందని ఫోన్లొచ్చాయి. గీతాంజలి ఇవ్వలేదు. నిన్న తీసేస్తూ ఉత్తర్వు వచ్చింది. అందులో కారణం లేదు. వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం హారతి ఫొటో తిరుగుతోంది. ఆవిడ వాదించిన కేసొక్కటీ ఎవరికీ గుర్తులేదు.

"పోస్టు నాన్న మాట మీద వచ్చింది, మాట మీద పోయింది" అన్నాడు రాత్రి భర్త శ్రీకర్, అన్నం కలుపుకుంటూ. "రేపు కొత్త ఎమ్మెల్యే మన వీధికొస్తున్నారు. నువ్వే హారతిచ్చి నవ్వుతూ పలకరించు, మళ్ళీ పెడతారు." ఆ గొంతుతోనే, "పులుసులో ఉప్పు తగ్గింది" అన్నాడు.

నాన్న మాట మీద వచ్చిందన్నది అబద్ధం కాదు. అదే గుచ్చుకుంటోంది. పదకొండేళ్ళ ప్రాక్టీసుందన్నది ఎంత నిజమో, మామగారు వెళ్ళి చెప్పకపోతే జాబితాలో పేరుండేది కాదన్నదీ అంతే నిజం. పెళ్ళిపందిట్లో ఆడపెళ్ళివారి తరఫు. మర్నాటి నుంచి ఈ ఇంటి తరఫు. అయినా అమ్మ జబ్బుపడితే మాత్రం "మీ తరఫువాళ్ళు చూసుకోరా?" అన్నారు. కోర్టులో ప్రభుత్వం తరఫు. ఇప్పుడు అదీ లేదు. ఇంతకీ నేనెవరి తరఫు? పళ్ళెం ఎప్పుడో మెరిసిపోయింది, చెయ్యి మాత్రం తోముతూనే ఉంది.

ఫోన్ మోగింది. వీరదుర్గ. మండవల్లి దగ్గర చేపల చెరువుల మీద కూలికెళ్ళే మనిషి. చెరువు ఆసామి కొడుకు షెడ్డులో ఆమె మీద చేసిన అఘాయిత్యం కేసు. ఆసామికి రెండు పార్టీల్లోనూ మనుషులున్నారు. ఇవాళ ఆమెను అవతలి లాయరు ప్రశ్నించే రోజు.

"అమ్మా, బస్సెక్కేశానండీ. మిమ్మల్ని తీసేశారంటున్నారు, నిజవేనాండీ?"

"నిజమే. ఇవాళ్టికి ఇంకో పీపీగారు చూస్తారు."



"ఆయనకి మళ్ళీ మొదట్నించీ చెప్పాలాండీ?"

గీతాంజలి చెయ్యి ఆగిపోయింది. మొదటిసారి ఈమె నోరు పెగల్లేదు. రెండోసారీ అంతే. చివరికి గీతాంజలి కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని కూర్చుంటే, ఆమె వీపుకి చెప్పింది వీరదుర్గ, జరిగిందంతా.

"అక్కర్లేదు. కోర్టు వరండాలో ఉండు, వస్తున్నాను."

పళ్ళెంలో ఎర్రనీళ్ళు కలిపేసరికి వీధి చివర డప్పులు మొదలయ్యాయి. నాగభూషణరావు కొత్త రంగు కండువా వేసుకుని వచ్చారు, ఇంకా దాని మడతలు పోలేదు. "కర్పూరం పెట్టావామ్మా?"

గీతాంజలి చేతులు తుడుచుకుని నల్లకోటు తీసింది.

"పోస్టే లేదు, కోటెందుకు?" అన్నాడు శ్రీకర్.

"పోస్టు పోయిందండీ, సన్నదు పోలేదుగా. లాయర్నే ఇంకా."

"ఈ ఒక్కపూటా ఆగలేవా? నీకోసమేగా ఇదంతా!"

"నాకోసమే అయితే నన్నొక్కసారి అడగాల్సింది." పళ్ళెంలో కర్పూరం వెలిగించి తీసుకెళ్ళి మామగారి చేతుల్లో పెట్టింది. "మీరివ్వండి మావయ్యగారూ. ఎర్రనీళ్ళు చిక్కగానే కలిపాను."

"మగాళ్ళు హారతివ్వడమేవిటే!" అంది రత్నాంబ. అని, చెంగు నోటికడ్డం పెట్టుకుంది. కోపమో నవ్వో చూడ్డానికి గీతాంజలి ఆగలేదు.

రైలు భీమడోలు దాటింది. తిరిగెళితే ఇంట్లో ఏముంటుందో తెలుసు. చట్టం ప్రకారం బాధితురాలు పీపీకి సాయంగా తన సొంత లాయర్ని పెట్టుకోవచ్చు. నోరు విప్పాలంటే జడ్జిగారు ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే? అయినా పక్కన కూర్చోవచ్చు, ఆ పీపీగారి చెవిలో రెండు ముక్కలు వెయ్యొచ్చు.

వరండాలో వీరదుర్గ వకాలత్ మీద కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది. ఇన్నాళ్ళూ గీతాంజలిని ప్రభుత్వమే పంపింది. ఏ బాధితురాలూ ఆమెను తనంతట తానుగా ఎంచుకోలేదు.

కేసు పిలిచారు. అలవాటు కొద్దీ పీపీ కుర్చీ వైపు నడవబోయి ఆగింది. అందులో వేరే ఆయన, చేతిలో తెరవని ఫైలు. జడ్జిగారు కళ్ళజోడు సర్దుకుని చూశారు.

"మేడమ్, నిన్న ఉత్తర్వులు వచ్చాయి కదా. ఇవాళ ఎవరి తరఫున?"

"ప్రభు..." అనేసి నాలిక కరుచుకుంది గీతాంజలి. హాలు వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మాట తడుముకుంటుండగా వెనక గాజుల చప్పుడయింది. ఎవరూ అడక్కుండానే వీరదుర్గ లేచి నిలబడింది.

"నా తరఫునండీ."