జొన్నచేనికి తుపాకి

పెంటయ్య తుపాకి గొప్పదా, నాది గొప్పదా అన్న వాదన మా మధ్య ఆరేళ్లు నడిచింది. ఆయన మా ఇంటి ఓనరు. నానక్‌రామ్‌గూడలో మూడంతస్తులు కట్టి, కింది గది నాకూ నా భార్య చెన్నమ్మకూ, పై గదులు సాఫ్ట్‌వేర్ పిల్లలకూ కిరాయికిచ్చాడు. నాది కదిరి దగ్గర పల్లె. ఎదురుగా ఉన్న అద్దాల టవర్లో సెక్యూరిటీ గార్డుని. పన్నెండు గంటలు నిలబడి వచ్చి కాళ్లు చాపుకుందామనుకునేసరికి ఆయన టీ గ్లాసుతో మా గుమ్మంలో కూర్చునేవాడు. ఇక మొదలు.

రెండూ గొట్టం మూతిలోంచి తుపాకిమందు పోసి, గుడ్డపేలిక కుక్కి, సీసం గుండు దించి, కడ్డీతో కూరే పాతకాలపు తుపాకులే. ఆయన భర్మారు అనేవాడు, మేం మందుతుపాకి అంటాం. చేను మీద పడే జింకల కోసం, పందుల కోసం పెద్దల నాటినుంచీ వస్తున్న పంట రక్షణ లైసెన్సులు. ఆయన గొట్టం నాలుగడుగులు, నాది మూడున్నర. పొడుగు గొట్టంలోంచి గుండు వంకర పోదని ఆయన, కంపల మధ్య చప్పున తిప్పాలంటే పొట్టిదే మేలని నేను. ఆయనది వానకు తుస్సుమంటుంది, నాది ఏనాడూ అనలేదు. వందడుగుల దూరాన పరిగెత్తే జింకను పడేశానని నేనంటే, మీ సీమోళ్లకు నోరెక్కువని నవ్వేవాడు. చూపించడానికి నా దగ్గర తుపాకి లేదు. బోరు ఎండి చేను బీడు పడ్డాక, ఒక ఎన్నికలప్పుడు స్టేషన్లో అప్పగించి మళ్లీ తెచ్చుకోలేదు.

“చచ్చినోని కండ్లు చారెడు, నారాయణప్పా” అనేవాడు పెంటయ్య. లేని తుపాకికి గొప్పలెక్కువని ఎత్తిపొడుపు. ఒళ్లు మండేది.

ఆయనకు మాత్రం చేను ఎక్కడుంది? నాలుగెకరాల జొన్నచేను ప్రభుత్వం తీసుకుని పదేళ్లయింది. నేను కాపలా కాసే టవరు ఆ చేలోనే లేచింది. అన్ని కాగితాల్లోనూ ఆయన పేరు కొట్టేశారు, ఒక్క తుపాకి లైసెన్సులో తప్ప. అందులో సర్వే నంబరు, దాని పక్కన ‘పెంటయ్య, రైతు’ అని ఉంది. తెలంగాణ వస్తే పోయిన భూములన్నీ మళ్లీ చూస్తారనీ, ఆనాడు ఎవరి చేతిలో కాగితముంటే వాడిదే మాటనీ ఆయనకు ఎవడు చెప్పాడో గానీ, గట్టిగా నమ్మాడు. ఆ లైసెన్సును ప్లాస్టిక్ కవర్లో పెట్టి దేవుడి పటం వెనక దాచాడు. అదంతా ఉత్త మాటేనని నా నాలుక చివరిదాకా వచ్చేది. ఆ రోజుల్లో, సీమనుంచి వచ్చినవాడు తెలంగాణ ఓనరుతో ఆ మాట అనగలడా?

సకల జనుల సమ్మె మూడో వారం. బస్సుల్లేవు. నా తర్వాత డ్యూటీ ఎక్కాల్సినవాడు లింగంపల్లిలోనే చిక్కుకుపోతే రెండు డ్యూటీలు వరసగా చేసి, కాళ్లు ఈడ్చుకుంటూ మధ్యాహ్నానికి ఇల్లు చేరాను. గుమ్మంలో పెంటయ్య. గొడవల వల్ల లైసెన్సు తుపాకులన్నీ సాయంత్రం ఐదులోగా స్టేషన్లో పెట్టాలట, పెట్టకపోతే లైసెన్సు రద్దట. పోయి పెట్టిరా, నన్ను పడుకోనీ అన్నాను. ఆయన కదల్లేదు. తుపాకిలో మందుంది అన్నాడు. చివరి జొన్న కంకి పట్టినప్పుడు కూరిందట.

ఇటువంటి తుపాకిని ఖాళీ చేయడానికి సులువు దారి పేల్చడమే. వీధికో పోలీసు నిలబడిన రోజున అది పేలితే ఇంకేమైనా ఉందా? తిట్టుకుంటూ లేచాను. స్నానాలగదిలో తుపాకిని నిలబెట్టి గొట్టం నిండా నీళ్లు పోసి, మందు నానేదాకా గంటసేపు కూర్చున్నాం. కూర్చున్నచోటే నిద్ర ముంచుకొస్తోంది. అప్పుడు కూడా ఆయన, నీళ్లు ఎక్కువ పట్టింది చూడు, పొడుగు గొట్టమంటే అదీ అన్నాడు. కడ్డీ చివర మరమేకు బిగించి, సీసం గుండులోకి దించి లాగాను. రెండోసారికి గుండు వచ్చింది. తర్వాత గుడ్డపేలిక, నల్లటి బురద. పెంటయ్య ఆ గుండును కడిగి, తుడిచి, చాలాసేపు చూశాడు. ఈ మనిషికి ఏమైందిరా దేవుడా అనిపించింది.

తుపాకిని పాత దుప్పట్లో చుట్టుకుని నడిచాం. నేను యూనిఫాం కూడా మార్చుకోలేదు.

స్టేషన్లో ఎస్సై కుర్రవాడు. ఎన్నాళ్ల బందోబస్తో, కళ్లు ఎర్రగా ఉన్నాయి. తుపాకి ఖాళీగా ఉందని చూసుకుని, లైసెన్సు తిరగేసి, ‘పంట రక్షణ’ అన్నచోట ఆగాడు. ఇప్పుడు పంట ఉందా అని అడిగాడు. లేకపోతే లైసెన్సు ఇక్కడే రద్దు చేసి తుపాకి ఉంచేసుకోమని పైనుంచి ఆదేశమట. ఉందని తెలిసినవాడెవడైనా సాక్షి సంతకం పెడితే రసీదిచ్చి, లైసెన్సు తిరిగిచ్చేస్తానన్నాడు.

పెంటయ్య దుప్పటి అంచు నలుపుతూ నిలబడ్డాడు. ఆరేళ్లలో ఆ మనిషి మాటకు మాట లేకుండా నిలబడటం నేను చూడలేదు.

“ఉండాది సార్” అన్నాను. “జొన్న ఏసినాడు. నాలుగెకరాలు. నేను కండ్లారా చూసినా.”

ఎస్సై నా చొక్కా జేబు మీదున్న టవరు పేరు చదివాడు. లైసెన్సులోని సర్వే నంబరు మళ్లీ చూశాడు. ఆ నంబర్లో ఉన్నది ఆ టవరేననీ, పొద్దున తానూ అక్కడే బందోబస్తు చేసొచ్చాననీ నెమ్మదిగా చెప్పి, కాగితం నా ముందుకు తోశాడు. పెట్టమన్నాడు సంతకం. రేపు విచారణలో తప్పని తేలితే కేసు నా మీదే పడుతుందనీ, ఉద్యోగం కూడా ఉండదనీ అన్నాడు. బెదిరించినట్టు లేదు. ఆయన కూడా ఎప్పుడు ఇంటికి పోదామా అన్నట్టున్నాడు.

భయం వేసింది. అరవైకి దగ్గర పడ్డవాణ్ణి, ఈ ఊళ్లో ఇంకో గేటు దగ్గర ఎవరు నిలబెట్టుకుంటారు? చెన్నమ్మకు ఏం చెప్పను? అయినా పెన్ను తీసుకున్నాను. ‘నా’ అని రాశాను. నా చేతి మీద పెంటయ్య చెయ్యి పడింది.

“పంట లేదు సారూ. పదేండ్లాయె. గీయన నా కోసం అబద్ధమాడుతుండు. గీయనను ఇడిసిపెట్టుండ్రి.”

ఎస్సై నేను రాసిన అక్షరం కొట్టేశాడు. లైసెన్సు మీద అడ్డంగా గీత గీసి, ‘రద్దు’ అని రాసి ఫైల్లో పెట్టుకున్నాడు. పెంటయ్య ఆ ఫైలు మూసేదాకా చూశాడు. తర్వాత అప్పగింత కాగితం నింపడం మొదలైంది. పేరు, తండ్రి పేరు, ఊరు. వృత్తి దగ్గర ఎస్సై తలెత్తాడు.

రైతని రాయండి సార్ అని నేను గొణిగాను. పెంటయ్య వద్దన్నట్టు తలూపాడు.

“కిరాయిల మీద బతుకుతడని రాయుండ్రి.”

అలాగే రాశారు. నా ఉద్యోగం నాకు మిగిలింది. నిజం చెప్పొద్దూ, ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. కింద సంతకం పెట్టమని ఎస్సై కాగితం ఆయన వైపు తిప్పాడు. పెన్ను ఇంకా నా చేతిలోనే ఉంది. పెంటయ్య చెయ్యి చాచాడు. ఇచ్చేశాను.