రెండో పిడి

తలుపుల షెడ్డు పాత గుర్తులో రంపానికి రెండు పిడులుండేవి. ఆ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ. ఆ గుర్తు తలుపు నెత్తిమీద, చెక్క మందంలో ఉండేది. ఇనప అచ్చును ఎర్రగా కాల్చి ఒత్తితే నల్లగా పడేది. తలుపు బిగించాక కొన్నవాళ్ళకు కూడా కనపడేది కాదు. అయినా ఇన్నేళ్ళలో ఆ ముద్ర లేకుండా ఒక్క తలుపు కూడా షెడ్డు దాటలేదు.

అన్నదమ్ములిద్దరూ కుర్రతనంలో ఆ రంపంతోనే బతుకు మొదలుపెట్టారు. దుంగకు అటొకడు, ఇటొకడు. వాడు లాగితే వీడు వదలాలి, వీడు లాగితే వాడు వదలాలి. అందుకే షెడ్డు ముందు బోర్డు మీద 'అన్నదమ్ముల తలుపులు' అని రాయించారు. తర్వాత కరెంటు రంపాలొచ్చాయి. అన్న ఆఫీసు గదిలోకి వెళ్ళి కూర్చున్నాడు. తమ్ముడు చెక్కల మధ్యే ఉండిపోయాడు. పనివాళ్ళకు ఒకరు పెద్దాయన, ఇంకొకరు చిన్నాయన. వాటా మాత్రం చెరిసగం. కాగితం రాసుకోలేదు.

"అన్నదమ్ముల మధ్య కాగితమేంట్రా," అన్నాడు పెద్దాయన.

చిన్నాయన భార్య బతికుండగా ఒకసారి ఆ మాటకు నవ్వింది. "రాసుకోని మాటకు మరుపు తొందరగా వస్తుంది," అంది. చిన్నాయన ఆవిడ మీద కసిరాడు. ఆవిడ మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఇప్పుడు ఎత్తడానికి ఆవిడ లేదు.

మెయిన్ రోడ్డు మీద అద్దాల షోరూం పెట్టాలని పెద్దాయన కొడుకు పట్టుబట్టాడు. రంపపు పొట్టు ఎగిరే షెడ్డులో కూడా కోటు వేసుకుని తిరిగే మనిషి. పనివాళ్ళు అతన్ని చాటుగా 'కోటు' అనేవాళ్ళు. షోరూంకు కొత్త లోగో కావాలన్నాడు కోటు. చిన్నాయన కూతురు అప్పుడే డిజైన్ కోర్సులో చేరింది.

"బయటివాళ్ళెందుకు, మన పిల్ల ఉందిగా," అన్నాడు పెద్దాయన. "లోగో కుదిరిందా, షోరూం పనంతా నీకేనమ్మా. బోర్డులూ కార్డులూ అన్నీ."

తల్లి పోయాక ఆ పిల్ల ఇంట్లో గొంతు విప్పి మాట్లాడింది ఆ రోజే.

మొదటి బొమ్మలో లేనిది లేదు. చెట్టు, చెట్టుకు ఆకులు, కింద దుంగ, దుంగ మీద రంపం, రంపాన్ని పట్టుకున్న రెండు చేతులు, ఒక చేతికి వాచీ. ఇంద్రధనస్సులో ఉన్న రంగులన్నీ ఉన్నాయి. లేనివి కూడా రెండున్నాయి.

"ఎలా ఉంది నాన్నా?"

"వాచీ పెట్టుకుని ఎవడూ రంపం లాగడు."

"అదొక్కటేనా?"

"మిగతావి చూసేలోపు కళ్ళు తిరిగాయి."

మూతి ముడుచుకుని కోర్సు సారు దగ్గరికి పట్టుకెళ్ళింది. సారు దాన్ని గోరంత చేసి, రంగులు పీకేసి, తెరమీద వేసి, ఇదేంటో చెప్పండన్నాడు. క్లాసులో ఒకడు బొద్దింక అన్నాడు. ఆ మాట ఇంటికొచ్చి తనే చెప్పి తనే నవ్వింది.

"ఏదైనా ఎందుకుందో చెప్పగలగాలంట నాన్నా. చెప్పలేకపోతే తీసేయాలంట."

చెట్టు ఎందుకుందో చెప్పలేకపోయింది, తీసేసింది. చేతులు తీసేసింది. రంగులన్నీ తీసేసి నలుపు ఒక్కటే ఉంచింది. చివరికి రంపం మిగిలింది, ఆ చివరో పిడి, ఈ చివరో పిడి, కింద పేరు. చిన్నాయన కళ్ళజోడు సర్దుకుని కంప్యూటర్ ముందుకు వంగాడు.

"పళ్ళు తప్పు."

"పళ్ళకేమైంది?"

"అన్నీ ఒకవైపే వాలాయి. అలా ఉంటే ఒక్కడు కోసే రంపం. ఇద్దరు లాగేదానికి పళ్ళు నిటారుగా ఉంటాయి. వెళ్ళేటప్పుడూ తెగాలి, వచ్చేటప్పుడూ తెగాలి."

ఆమె మర్నాడు షెడ్డుకొచ్చింది. గోడకు మేకులకు వేలాడుతున్న పాత రంపం పళ్ళను వేలితో తడిమి చూసింది. ఒక పిడికి చుట్టి ఉన్న గుడ్డపేలికను కూడా తాకింది. ఆ పిడి చిన్నాయనది. చేతులు బొబ్బలెక్కుతుంటే భార్య తన పాత చీర చించి చుట్టింది. రంగు ఎప్పుడో పోయింది. కూతురికి ఆ సంగతి తెలుసు. ఇంటికెళ్ళి పళ్ళు సరిదిద్దింది. బొమ్మ ఒక్కసారిగా కుదురుకుంది. సారు మెచ్చుకున్నాడు. చిన్నాయనకు లోపల బాగానే అనిపించింది కానీ పైకి అనలేదు. పైకి అనడం ఆయనకు ఎప్పుడూ చేతకాలేదు.

తర్వాత ఆఫీసు గదిలో పెద్దాయనకూ కోటుకూ చూపించింది. చిన్నాయన ఆ పూట ఒక తలుపుకు చిత్రిక పడుతున్నాడు. తనను పిలవలేదు. సాయంత్రం కూతురే వచ్చి చెప్పింది.

"పేరు పొడుగైందంట నాన్నా. అన్నయ్య అన్నాడు. 'తలుపులు' అని ఒక్క మాట చాలంట. దూరం నుంచి చదవొచ్చు."

"అన్నదమ్ముల?"

"అది తీసేశాను. నిజంగానే బాగుంది చూడు."

చూశాడు. నిజంగానే బాగుంది. అక్షరాలు పెద్దవయ్యాయి, ఊపిరాడినట్టుంది. ఆయనకు మాత్రం ఎవరో గడప మీద కాలు పెట్టి ఆగినట్టనిపించింది.

వారం తిరక్కుండా మళ్ళీ వచ్చింది. ఈసారి గంతులేస్తూ వచ్చింది.

"పెదనాన్న ఎంత మంచి మాట చెప్పాడో తెలుసా. రెండో పిడి తీసేయమన్నాడు. తీసి చూద్దును కదా, రంపం ఆ చివర సాగిపోయి పేరు కింద గీత అయిపోయింది. సారు దాన్ని క్లాసు గోడకు అంటిస్తానన్నారు."

తెరమీద రంపం ఎడమవైపు పిడితో మొదలై, కుడివైపు సన్నగా సాగి, పేరును మోస్తూ ఆగింది. ఇంతకుముందు చేసినవన్నీ దీని ముందు పిల్లచేష్టల్లా ఉన్నాయి. ఆయన పనివాడు. మంచి పని కళ్ళబడితే కాదనలేడు.

"ఆ రంపానికి రెండు పిడులుంటాయి," అన్నాడు.

"ఉంటాయి నాన్నా. కానీ ఇక్కడ ఎందుకుండాలి? కారణం చెప్పు, పెట్టేస్తాను."

కారణం ఉంది. నోటిదాకా వచ్చింది. చెబితే కూతురు పెదనాన్న దగ్గరికి పరిగెత్తుతుంది. గోడకెక్కాల్సిన బొమ్మ చించేస్తుంది. అదీగాక, తన వాటా ఉందో లేదో కూతురి బొమ్మను చూసి అడుక్కోవాలా?

"నీ ఇష్టం," అన్నాడు.

మర్నాడు ఆఫీసు గదిలోకి వెళ్ళాడు. చేతులకున్న పొట్టు దులుపుకోలేదు. పెద్దాయన టీ తాగుతున్నాడు. వదిన పక్కన కూర్చుని షోరూం కర్టెన్ల గుడ్డలు తిరగేస్తోంది.

"రెండో పిడి ఏమైంది అన్నయ్యా?"

"నన్నడుగుతావేంట్రా, గీసింది నీ కూతురు."

"తీయమంది నువ్వు."

"ఇరుగ్గా ఉందన్నాను. ఈ రోజుల్లో రంపం ఎవడు లాగుతున్నాడు? మిషనే కోస్తోంది."

"అలాగైతే మొదటి పిడి ఎందుకుంచావు?"

పెద్దాయన కప్పు కింద పెట్టాడు. వదిన గుడ్డ మీంచి తల ఎత్తకుండానే అందుకుంది.

"పట్టుకోడానికి ఒకటుండాలిగా మరిదిగారూ."

"చూడరా," అన్నాడు పెద్దాయన, గొంతు మెత్తబరచి. "నీకిప్పుడేం తక్కువైంది? ఇల్లు గడుస్తోంది. పిల్ల చదువు నడుస్తోంది. వాటా వాటా అని కూర్చుంటే ఎలా?"

"వాటా మాట నేనెత్తలేదు."

కర్టెన్ గుడ్డ పరపరమని తిరగబడింది.

"పోయి పని చూసుకో," అన్నాడు పెద్దాయన. "తలుపులు అందాల్సినవాళ్ళున్నారు."

పోయి పని చూసుకున్నాడు. అప్పుడే కూతురికి చెప్పి ఉండొచ్చు. ఆఖరి మెరుగులు ఇంకా దిద్దుతూనే ఉంది. గీత మందం కాస్త తగ్గించాలా, పన్ను ఒకటి తీసేయాలా అని రోజూ అడుగుతూనే ఉంది. ఆయన రోజూ "ఊ" అనేవాడు. ఆ ఊకొట్టడంలో ఎంత విషం ఉందో ఆ పిల్లకేం తెలుస్తుంది? పిడి సంగతి ఆ పిల్ల తనంతట తనే గ్రహించాలనుకున్నాడు. గ్రహించలేదని లోలోపల కక్ష కట్టాడు.

షోరూం తెరిచిన పూట బోర్డు కింద జనం బాగానే పోగయ్యారు. బోర్డు మెరిసిపోతోంది. కోటు కొత్త కోటు వేశాడు. కూతురు తల్లి చెవిరింగులు పెట్టుకుని, వచ్చినవాళ్ళు బోర్డును చూస్తుంటే వాళ్ళ మొహాలు చూస్తోంది. లోపల ఎదురు గోడకు షెడ్డులోని పాత రంపం వేలాడదీశారు. శుభ్రంగా తుడిచి, వార్నీషు పూశారు. కుడివైపు, పేలిక చుట్టిన పిడి ఇంకా ఉంది.

ఒక బిల్డరు వచ్చాడు. పెద్ద బేరం. పెద్దాయన అతన్ని స్వయంగా తిప్పి చూపించాడు. ఒక తలుపు దగ్గర బిల్డరు ఆగి, అంచు నిమిరి, పని బాగుందన్నాడు.

"మా హెడ్ మేస్త్రి చేశాడు," అన్నాడు పెద్దాయన. తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు. "చెయ్యి బంగారం. చిన్నప్పట్నుంచీ మా దగ్గరే ఉన్నాడు."

పక్కనే ఉన్న కూతురి మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది. కళ్ళు మాత్రం తండ్రి వైపు తిరిగాయి. చిన్నాయన ఆమె వైపు చూడలేదు. బిల్డరుకు తల ఊపాడు.

బిల్డరు వెళ్ళాక కోటు వచ్చాడు.

"బాబాయ్, ఆ రంపానికి కుడి పిడి ఊడదీస్తావా? బోర్డుకీ దీనికీ పొంతన లేదు. ఫోటోలు తీస్తున్నారు."

"అన్నయ్యా, అక్కర్లేదు, ఉండనీ," అంది కూతురు.

"నువ్వు గీసిందానికేగా కలపమంటున్నది," అన్నాడు కోటు. అందులో ఎకసెక్కం లేదు. నిజంగానే అన్నాడు.

చిన్నాయన బల్ల లాక్కుని ఎక్కాడు. జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. తుప్పు పట్టిన మరలు ఎంతకీ కదలలేదు. నెమ్మదిగా తిప్పాడు. ఫోటోలు తీసేవాడు కాస్త పక్కకు జరగమన్నాడు, జరిగాడు. పిడి ఊడి చేతిలోకొచ్చింది. బల్ల దిగి దాన్ని సంచిలో వేసుకున్నాడు.

పెద్దాయన వెనక్కి జరిగి చూశాడు. "ఇప్పుడు కుదిరింది," అన్నాడు.

ఇంటికి నడిచి వచ్చారు. తలుపు గొళ్ళెం తీస్తుండగా కూతురు అడిగింది.

"నిన్ను మేస్త్రి అన్నాడేంటి నాన్నా?"

"పేరులో అన్నదమ్ములు లేరు. రంపానికి పిడి లేదు. మరేమంటాడు?"

"నీకు ముందే తెలుసా?"

"బొమ్మ చూసిన రోజే."

"చెప్పొచ్చుగా. కారణం చెప్పమని అడిగానుగా."

ఆయన సంచిలోంచి పిడి తీసి కంప్యూటర్ పక్కన బల్ల మీద పెట్టాడు. పేలిక కొస ఊడి వేలాడుతోంది.

"అడిగావు," అన్నాడు. "తీసింది కూడా నువ్వే."

ఆ మాట పడాల్సిన చోటే పడింది. ఆయన దాన్ని వెనక్కి తీసుకోలేదు. ఆ పిల్ల ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. కుర్చీ లాక్కుని కంప్యూటర్ ఆన్ చేసింది. ఆయన స్నానం చేసి, స్టవ్ వెలిగించి, రెండు కంచాలు కడిగి పెట్టాడు. అవతలి గదిలోంచి మౌస్ టకటకలు వినిపిస్తూనే ఉన్నాయి.

"నాన్నా, ఒకసారి రా."

వెళ్ళాడు. తెరమీద రంపానికి మళ్ళీ రెండు పిడులున్నాయి. రెండోదానికి పేలిక కూడా చుట్టింది. బల్ల మీదున్న పిడిని చూసి, ఒక్కొక్క మడతా గీసింది. పేరులో 'అన్నదమ్ముల' తిరిగొచ్చింది. అక్షరాలు ఇరుకై, ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

"రేపు పెదనాన్న దగ్గరికి పట్టుకెళ్తాను. బోర్డు మార్చమంటాను. మార్చకపోతే వాళ్ళ పని నాకొద్దు." తల తిప్పకుండా అడిగింది. "ఎలా ఉంది?"

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. వంగి, తీరిగ్గా చూశాడు. పళ్ళు చూశాడు, పిడులు చూశాడు, పేలిక చూశాడు.

"బోర్డు మీదున్నదే బాగుంది," అన్నాడు.

కళ్ళజోడు తీసి మడిచి, వంటింట్లోకి వెళ్ళి స్టవ్ మంట తగ్గించాడు.