ఊపు ఆగిన తర్వాత

మా ఆయన యలమందయ్య కొండరాళ్ళ కింద పడి చనిపోయి ఐదు నెలలైంది. ఎలా పోయారని అడిగిన ప్రతివాళ్ళకూ ఒకటే చెప్పాను: భూమి ఊగింది, భయపడి బయటికి పరుగెత్తారు, పైనుంచి రాళ్ళు పడ్డాయి. అందులో ఒక్క ముక్క అబద్ధం. ఆ ముక్క కొడుక్కీ చెప్పలేదు, కోడలు శ్రీరమ్యకీ చెప్పలేదు.

పరామర్శకు వచ్చినవాళ్ళు, "యాత్రకు వెళ్ళి దేవుడి దగ్గరే పోయాడు, పుణ్యాత్ముడు" అన్నారు. మామూలప్పుడైతే ఆ మాట అన్నవాళ్ళను గడప దాటి లోపలికి రానిచ్చేదాన్ని కాదు. నా నోరు ఊరందరికీ తెలిసిందే. ఇప్పుడు ఊ కొట్టి, కాఫీ ఇచ్చి పంపించాను. కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. పచ్చిమిరపకాయ కొరికినా కారం తెలియడం లేదు.

మా ముండ్లమూరు వైపు భూమి ఊగడం కొత్తేమీ కాదు. రెండు క్షణాలు గిన్నెలు గలగలమంటాయి. ముందు పసిగట్టినవాళ్ళు "బయటికి రండి" అని కేకేస్తారు. మిగతావాళ్ళు చేతిలో ముద్ద వదిలేసి వీధిలోకి ఉరుకుతారు. మా వీధిలో ఆ కేక ఎప్పుడూ నాదే. ముసలీ ముతకా కదలకపోతే చెయ్యి పట్టి లాగేదాన్ని. మా ఊరి నేల బల్లపరుపు. మిరపచేలూ పత్తిచేలూ తప్ప ఏమీ కనబడవు. ఇంట్లోంచి బయటపడితే చాలు, మీద పడేది ఎండ ఒక్కటే.

ఉత్తరాది కొండల్లో యాత్రకు వెళ్ళినప్పుడూ నాది అదే బుద్ధి. పొద్దున్నే సత్రంలో ఉప్మా తింటుంటే నేల ఊగింది. లేచి కేకేశాను. మా బస్సులో వచ్చినవాళ్ళంతా బయటికి ఉరికారు. ఆయన మాత్రం కదల్లేదు.

"నేను రానే. గోడలు గట్టిగానే ఉన్నాయి. పైన అంత కొండ పెట్టుకుని బయటికెందుకు?" అన్నారు.

"చాల్లెండి మీ తెలివి, లేవండి!" అని చెయ్యి పట్టుకుని లాగాను. ఎంగిలిచేత్తోనే వచ్చారు.

బయటికి వచ్చేసరికి ఊపు ఆగిపోయింది. అందరం నవ్వుకున్నాం కూడా. ఆయన చెయ్యి కడుక్కుందామని సత్రం పక్కన, కొండవాలు కింద ఉన్న కొళాయి దగ్గరికి వెళ్ళారు. అప్పుడు పైన పటపటమంది. ముందు చిన్న రాళ్ళు దొర్లాయి, తర్వాత చరియకు చరియే జారింది. సత్రానికి ఏమీ కాలేదు. తింటూ వదిలేసిన మా పళ్ళేలు బల్ల మీద అలాగే ఉన్నాయి.

మాతో వచ్చిన ఆత్రేయ గుంటూరు కాలేజీలో భూగర్భశాస్త్రం చెబుతాడు. ఆ సాయంత్రం నా పక్కన కూర్చుని, "కొండరాళ్ళలో ముందే పగుళ్ళుంటాయండి. భూమి ఊగితే పట్టు వదులుతాయి. కొన్ని అప్పుడే పడతాయి, కొన్ని ఊపు ఆగాక జారతాయి. అందుకే వాలు కింద నిలబడకూడదు" అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? అయినా బుద్ధిగా తలూపాను.

నిన్న మధ్యాహ్నం మా ఊళ్ళో మళ్ళీ ఊగింది. శ్రీరమ్య ఇంటి ముందు కల్లంలో కూలీల చేత మిరపకాయల్లోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరిస్తోంది. నేను లోపల చాప మీద కూర్చున్నాను. మూడేళ్ళ మనవరాలు భవ్య నా ఒళ్ళో నిద్రపోతోంది. గిన్నెలు గలగలమన్నాయి. కేక నా గొంతులోంచి రాలేదు.

"అత్తయ్యా! పాపను తీసుకుని బయటికి రండి!" అని శ్రీరమ్య అరిచింది.

ఇక్కడ కొండ లేదని నాకు తెలుసు. తెలిసినా కాళ్ళు కదల్లేదు. పిల్లను గట్టిగా పట్టుకుని అలాగే కూర్చున్నాను.

శ్రీరమ్య పరుగెత్తుకొచ్చేసరికి అంతా ఆగిపోయింది. "ఊరందర్నీ లాక్కొచ్చేది మీరే కదా! పిల్లకేమన్నా అయితే? ఇలా కూర్చుండిపోయారేంటి?" అని మండిపడి, పాప కోసం చేతులు చాపింది. ఆ కోపంలో న్యాయం ఉంది.

"మీ మామయ్య కూడా రానన్నారమ్మా" అన్నాను. "నేనే చెయ్యి పట్టుకుని బయటికి లాగాను."

చాపిన చేతులు చాపినట్టే ఉండిపోయాయి. బయట కూలీలు ఏదో అనుకుంటూ మళ్ళీ కాయల దగ్గర కూర్చున్నారు. శ్రీరమ్య వచ్చి నా పక్కన చాప మీద కూర్చుంది. పాపను మాత్రం నా ఒళ్ళోంచి తీసుకోలేదు.